చెప్పే ధర... తెగే ధర!

షెడ్డులో పరదా కప్పుకుని నిద్రపోతున్న పాత కారుకు ఎంత చెప్పాలి? ఎక్కువ చెబితే కొనేవాడు వెనక్కి చూడకుండా వెళ్లిపోతాడు. తక్కువ చెబితే జన్మంతా బాధ. భూమి ధర గజాల్లో చెప్పగల చిట్కుల్ లాంటి ఊళ్లలో కూడా ఈ లెక్క దగ్గర చాలామంది తడబడతారు. నిజానికి ఆ లెక్క వాళ్లకు తెలిసిందే!

ముంబై జాతీయ రహదారి మీద బీహెచ్ఈఎల్ దాటి, పటాన్‌చెరు దాటి, ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు కూడలి కూడా దాటితే ఇస్నాపూర్ వస్తుంది. ఆ దగ్గర్లోనే చిట్కుల్. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. ఒకవైపు పాశమైలారం పారిశ్రామికవాడ, మరోవైపు కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లు. మధ్యలో పాత పెంకుటిళ్లు, వేపచెట్లు, షిఫ్టు బస్సుల కోసం ఎదురుచూసే కార్మికులు.

ఈ చుట్టుపక్కల ఊళ్లలో టీకొట్టు దగ్గర పావుగంట నిలబడితే చాలు... రియల్ ఎస్టేట్ పాఠం మొత్తం చెవిన పడుతుంది. ‘రోడ్డు బిట్టా, లోపలి బిట్టా?’, ‘లింకు డాక్యుమెంట్లు ఉన్నయా?’, ‘లేఅవుట్‌కు పర్మిషన్ ఉందా?’, ‘పక్క ప్లాటు ఎంతకు పోయింది?’... ఇలా నాలుగు ప్రశ్నలు అడిగి, ఐదో నిమిషంలో గజం ధర తేల్చేస్తారు. బడికి పోని పెద్దాయన కూడా ఆ లెక్కలో తప్పు పోడు.

అదే పెద్దాయన ఇంటి షెడ్డులో ముప్ఫై ఏళ్లనాటి కాంటెస్సా ఉందనుకోండి. ‘దీనికెంత?’ అని ఎవరైనా అడిగితే మాత్రం మాట తడబడుతుంది. కొడుకు పది లక్షలంటాడు. పాత ఇనుము దుకాణం వాడు కిలోల్లో చెబుతాడు. ఈ రెండు మాటల మధ్య బండి మరో వానాకాలం తడుస్తుంది. తుప్పు ఇంకాస్త లోపలికి తింటుంది. ధర తేల్చకపోవడానికి కూడా ఒక ధర ఉంటుంది. దాన్ని ఏటా కట్టేది బండి యజమానే!

యంత్రాల సీమ

పాత కార్లకూ ఈ పారిశ్రామికవాడకూ ఏమిటి సంబంధం అనిపించొచ్చు. సంబంధం ఉంది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారంలలో వందలాది చిన్నా పెద్దా కంపెనీలు. ఇదే రహదారి మీద ఇంకా ముందుకెళితే జహీరాబాద్. అక్కడ 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ, జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు తయారుచేసింది. ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వచ్చింది.

దాంతో మూడు తరాలుగా ఈ దారి వెంట ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు పుట్టుకొచ్చారు. టింకరింగ్ షెడ్లు, లేత్ మిషన్లు, పెయింటింగ్ బూత్‌లు కూతవేటు దూరంలో దొరుకుతాయి. ఎక్కడా దొరకని చిన్న బుష్‌ను కూడా నమూనా చూపిస్తే తిప్పి ఇచ్చే పనివాళ్లున్నారు. అందుకే పాత బండిని నడిపించుకోవాలనే ఆశ ఇక్కడ త్వరగా చావదు. అదే సమయంలో, ఆ బండికి ఏ పనికి ఎంతవుతుందో నిక్కచ్చిగా తెలుసుకునే వీలూ ఇక్కడే ఎక్కువ. న్యాయమైన ధర కట్టడానికి సగం బలం అదే.

స్పోర్ట్స్ కారంటే ఎందుకంత చిక్కు?

మామూలు సెకండ్‌హ్యాండ్ కారుకు ధర కట్టడం తేలిక. ఒకే మోడల్ బళ్లు మార్కెట్లో వందల్లో ఉంటాయి. ఏడాది, తిరిగిన కిలోమీటర్లు చూస్తే సుమారు ధర తేలిపోతుంది. బీమా కంపెనీల లెక్కా అలాంటిదే. కొత్త కారు విలువలో ఆరునెలల్లోపైతే 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, ఐదేళ్లలోపు 50 శాతం తరుగుదల తీసేస్తారు. ఐదేళ్లు దాటినా, కంపెనీ ఆ మోడల్ తయారీ ఆపేసినా ఈ పట్టిక పనిచేయదు. బీమా కంపెనీ, యజమాని మాట్లాడుకుని విలువ నిర్ణయించుకోవాల్సిందే. అంటే, పాత కారుకు విలువ కట్టే పట్టికేదీ బీమావాళ్ల దగ్గరా లేదన్నమాట!

స్పోర్ట్స్ కారు విషయంలో ఇది ఇంకా చిక్కు. రెండే సీట్లు. ఇంటిల్లిపాదీ ఎక్కి యాదగిరిగుట్టకు పోలేరు. మైలేజీ అంతంతే. విడిభాగాలు గగనం. కాబట్టి కొనేవాళ్లు పిడికెడుమందే. ఆ పిడికెడుమందిలో ఇద్దరు ఒకే బండి మీద మనసు పడితే ధర ఎక్కడికో పోతుంది. ఒక్కడే వస్తే అతను చెప్పిందే వేదం. ఎవరూ రాకపోతే... షెడ్డే గతి.

మనదేశంలో అసలు స్పోర్ట్స్ కార్లు తయారైందే తక్కువ. స్వాతంత్య్రం వచ్చిన కాలంలో ఎంజీ, ఆ తర్వాత జాగ్వార్ లాంటి బ్రిటిష్ బళ్లు సంపన్నుల ఇళ్లకు చేరాయి. 1998లో శాన్ మోటార్స్ సంస్థ ‘శాన్ స్టార్మ్’ పేరుతో రెండు సీట్ల కారు తెచ్చింది. ఫైబర్‌గ్లాస్ బాడీ, రెనో కంపెనీ 1149 సీసీ ఇంజిన్. చూడముచ్చటగా ఉన్నా కొద్ది సంఖ్యలోనే అమ్ముడైంది. 1984 నుంచి 2002 దాకా హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన కాంటెస్సా నిజానికి నాలుగు తలుపుల కుటుంబ కారే. కానీ ఆ పొడవాటి ముక్కు, తర్వాత వచ్చిన ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్ చూసి మనవాళ్లు దాన్ని స్పోర్ట్స్ కార్ల వరుసలోనే కూర్చోబెట్టారు. తెలుగు జిల్లాల్లో పాత స్పోర్టీ కారు అమ్మకానికి వచ్చిందంటే అది కాంటెస్సా అయ్యే అవకాశమే ఎక్కువ.

మొదటి ప్రశ్న... అసలు ఇది ఏ బండి?

ప్లాటు కొనేవాడు మొదట సర్వే నంబరు చూసినట్టే, పాత కారు కొనేవాడు మొదట చూసేది ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు. ఆ రెండూ ఆర్‌సీలో ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఫ్యాక్టరీలో పుట్టినప్పటి ఇంజినే ఇంకా ఉంటే విలువ ఒక మెట్టు ఎక్కుతుంది. మధ్యలో ఎవరో పెట్రోలు ఖర్చు భరించలేక వేరే బండి డీజిల్ ఇంజిన్ బిగించి ఉంటే ఆ మెట్టు దిగిపోతుంది. ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కించకపోతే రెండు మెట్లు దిగుతుంది.

‘వింటేజ్’ అనే మాట కూడా ఇష్టమొచ్చినట్టు వాడే వీల్లేదు. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, అసలు రూపం చెడని ద్విచక్ర వాహనాలు, కార్లే వింటేజ్. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అలాంటి వాటికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా నమోదుకు రూ.20,000, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు రూ.5,000. అయితే ఆ నంబరు తీసుకున్నాక రోజూ ఆఫీసుకు వెళ్లడానికి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు పోయించుకోవడం... వీటికే రోడ్డెక్కాలి.

ఈ లెక్కన మొట్టమొదటి కాంటెస్సాకు కూడా 2034 వరకు వింటేజ్ హోదా రాదు. ప్రకటనలో ‘వింటేజ్ కారు’ అని రాసి లక్ష ఎక్కువ చెబితే, తెలిసినవాడు నవ్వుకుని పేజీ తిప్పేస్తాడు.

రెండో ప్రశ్న... ఒంట్లో ఎలా ఉంది?

పైన మెరిసే రంగు చూసి మురిసిపోయేది పక్కింటివాళ్లు. డబ్బు పెట్టేవాడు కింద పడుకుని చూస్తాడు. కాలికింద ఫ్లోరు, తలుపుల కింది అంచులు, చక్రాల పైభాగం, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట... తుప్పు మొదట చేరేది ఇక్కడే. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం తెచ్చి బాడీ మీద నడిపిస్తాడు. రేకు ఉన్నచోట అతుక్కుంటుంది. మందంగా పుట్టీ పెట్టినచోట జారిపోతుంది. ఈ పరీక్ష అమ్మేవాళ్లే ముందుగా చేసుకుంటే మంచిది. శాన్ స్టార్మ్ లాంటి ఫైబర్ బాడీకి మాత్రం అయస్కాంతం పనికిరాదు. అక్కడ పగుళ్లు, అతుకులు వెతకాలి.

పాత కార్ల లోకంలో బండి స్థితిని నాలుగు తరగతులుగా చూడటం అలవాటు. మొదటిది, ప్రదర్శనలో బహుమతి కొట్టేంత నిఖార్సైంది. రెండోది, చిన్న లోపాలు కూడా నిపుణుడికే కనిపించేది. మూడోది, హాయిగా నడుస్తూ దగ్గరికెళితే వయసు తెలిసేది. నాలుగోది, నడుస్తుంది కానీ పని చాలా ఉన్నది. కదలని బండి ఈ నాలుగింట్లోనూ లేదు. దాన్ని బాగుచేయాల్సిన సరుకుగానే చూస్తారు. అమ్మేవాళ్లలో చాలామంది తమ బండి రెండో తరగతి అనుకుంటారు. కొనేవాళ్లకు అది మూడున్నరలా కనిపిస్తుంది. బేరం చెడేది ఎక్కువగా ఈ తేడా దగ్గరే.

అందుకే ఆ బండికి ఏమాత్రం సంబంధం లేని ఒక మంచి మెకానిక్‌ను పిలిచి చూపించాలి. అతనికి ఇచ్చే రెండు మూడు వేలు వృథా కావు. లోపాలన్నీ కాగితం మీద రాయించి, ఒక్కోదానికి ఎంతవుతుందో పక్కన వేయించాలి. చిట్కుల్, ఇస్నాపూర్ ప్రాంతంలో టింకరింగ్‌కు ఒకరిని, ఇంజిన్‌కు ఒకరిని, సీట్ల పనికి ఒకరిని అడగడం పెద్ద కష్టం కాదు.

మూడో ప్రశ్న... కాగితాలున్నాయా?

లింకు డాక్యుమెంట్లు లేని ప్లాటును ఎవరైనా మార్కెట్ ధరకు కొంటారా? కారూ అంతే. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కార్ల పునరుద్ధరణ రుసుము రూ.5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 2025 ఆగస్టులో రూ.10,000 చేశారు. విదేశాల నుంచి దిగుమతైన పాత కారుకైతే రూ.80,000. ఎంజీ, జాగ్వార్ ఉన్నవాళ్లు ధర కట్టేటప్పుడు ఈ అంకె మరిచిపోకూడదు. ఆర్‌సీ గడువు తీరిన బండి, తీరని బండి పక్కపక్కనే ఒకేలా మెరిసినా వాటి ధర ఒకటి కాదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు వారసత్వం. కారు నాన్న పేరుమీద ఉంటుంది. నాన్న కాలం చేసి ఏళ్లవుతుంది. పేరు మార్పించిన వాళ్లుండరు. యజమాని చనిపోతే 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో బదిలీకి దరఖాస్తు చేసుకోవాలన్నది నిబంధన. అది చేయకుండా బేరానికి కూర్చుంటే, కొనేవాడు ఆ తలనొప్పికి కూడా కలిపి ధర తగ్గిస్తాడు. పైగా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒక్కరు సంతకం పెట్టనన్నా బేరం ఆగిపోతుంది. ‘నాన్న కారును నన్నడక్కుండా అగ్గువకు అమ్మేశారు’ అనే మాట పండక్కి పండక్కీ వినపడే ఇళ్లు తక్కువేం కాదు. అందుకే ధర లెక్క కాగితం మీద ఉండాలి. కొనేవాడికి చూపించడానికే కాదు, అమెరికాలో ఉన్న తమ్ముడికి పంపించడానికి కూడా.

నాలుగో ప్రశ్న... పక్క బండి ఎంతకు పోయింది?

ఇక్కడే అసలు కిటుకు. ప్రకటనల్లో కనిపించేది చెప్పే ధర. బండి చేతులు మారినప్పుడు ముట్టింది తెగిన ధర. ఈ రెంటికీ మధ్య చాలా దూరం ఉంటుంది. ఆరు నెలలుగా అదే అంకెతో అమ్ముడుపోకుండా ఉన్న ప్రకటన, ఆ ధర తప్పనడానికి సాక్ష్యమే తప్ప మన బండికి ఆధారం కాదు.

మరి తెగిన ధర ఎలా తెలుస్తుంది? హైదరాబాద్‌లో పాత కార్లున్నవాళ్లు ఒకరికొకరు తెలిసే ఉంటారు. ర్యాలీలు, ప్రదర్శనలు జరిగినప్పుడు వెళ్లి, మన మోడలే ఉన్న ముగ్గురు నలుగురితో మాట్లాడితే ఎవరు ఎంతకు కొన్నారో, ఎంతకు అమ్మారో తెలుస్తుంది. ఆ మోడల్ పనిచేసే మెకానిక్‌కు ఇంకా బాగా తెలుసు.

డీలరు చెప్పే ధరను నేరుగా పోల్చుకోవడం కూడా సరికాదు. అందులో అతని అద్దె, మరమ్మతు, లాభం ఉంటాయి. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారి తన లాభం మీద 18 శాతం పన్ను కట్టాలని 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి నిర్ణయించింది. ఇంటి ముందు కారు అమ్ముకునే మామూలు మనిషికి అది వర్తించదు. కాబట్టి డీలరు ధరకన్నా కాస్త తగ్గించి చెప్పినా అమ్మేవాడికి నష్టం లేదు.

కోట్లలోనూ అదే కథ

ప్రపంచంలో అందరూ కలలుగనే స్పోర్ట్స్ కారు ఫెరారీ 250 జీటీఓ. 1960లలో తయారైంది మొత్తం 36. వాటిలో 1962 నాటి ఒక కారు 2018 ఆగస్టులో అమెరికాలో జరిగిన వేలంలో 4.84 కోట్ల డాలర్లకు పోయింది. మరో 1962 కారు 2023 నవంబరులో న్యూయార్క్‌లో వేలానికి వచ్చింది. ఆరు కోట్ల డాలర్లు దాటుతుందని వేలం సంస్థ అంచనా వేసింది. చివరికి పోయింది 5.17 కోట్ల డాలర్లకు! ప్రపంచంలోని మహా నిపుణులు వేసిన లెక్క కూడా బేరం దగ్గర అలా కిందికి జారిందంటే, షెడ్డులోని కారుకు మనం వేసే అంకె మీద మరీ పట్టుదల అక్కర్లేదు.

ఆ కార్లకు అంత ధర ఇనుమును చూసి రాదు. ఏ పందెంలో ఎవరు నడిపారు, ఎవరి చేతుల్లోంచి ఎవరికి వెళ్లింది అనే చరిత్ర అంతా కాగితాలతో సహా ఉంటుంది కాబట్టి వస్తుంది. మన హైదరాబాద్‌లోనే చూడండి. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపురంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చారు. అది వచ్చేలోపే 1911లో ఆయన కన్నుమూశారు. ఏడో నిజాం కాలంలో వేడుకలకు మాత్రమే బయటికి తీసిన ఆ కారు చాలా తక్కువ దూరమే తిరిగింది. ఎవరిది, ఎందుకు తయారైంది, ఎంత తిరిగింది... ఈ మూడింటికీ జవాబుంది. విలువ అక్కడే పుడుతుంది.

అదే సూత్రం మామూలు కారుకూ వర్తిస్తుంది. ‘మా నాన్న ప్రాణంగా చూసుకున్నారు’ అంటే కొనేవాడు తలూపుతాడు, అంతే. మొదటి షోరూం బిల్లు, సర్వీసు పుస్తకం, పాత ఆర్‌సీ, నాన్న చేతిరాతతో ఏ రోజు ఎంత పెట్రోలు పోయించారో రాసుకున్న డైరీ ముందు పెడితే జేబులోంచి డబ్బు తీస్తాడు. ప్రేమకు ధర లేదు. ప్రేమగా దాచిన కాగితానికి ఉంది!

లెక్క వేద్దాం రండి

ఇవి ఉదాహరణ కోసం అనుకున్న అంకెలే. ఒక పెట్రోలు కాంటెస్సా ఉంది. దాన్ని పోలిన, బాగా నడిచే మూడు బళ్లు నిజంగా అమ్ముడైన ధరలు రూ.4.2 లక్షలు, రూ.4.8 లక్షలు, రూ.5.4 లక్షలు అనుకుందాం. మధ్య అంకె 4.8 లక్షలు. అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

మన బండికి టైర్లు, బ్రేకుల పనికి రూ.40 వేలు. ఫ్లోరు తుప్పు తీసి కొత్త రేకు వెల్డింగ్ చేయడానికి రూ.60 వేలు. ఆర్‌సీ పునరుద్ధరణ, గ్రీన్ ట్యాక్స్, తిరుగుడు ఖర్చులకు రూ.20 వేలు. మొత్తం రూ.1.2 లక్షలు తీసేయాలి. అసలు ఇంజిన్ ఉంది, సర్వీసు కాగితాలన్నీ ఉన్నాయి కాబట్టి రూ.30 వేలు కలుపుకోవచ్చు. తేలింది రూ.3.9 లక్షలు. ఇది న్యాయమైన ధర. బేరానికి ఏడెనిమిది శాతం చోటు వదిలితే చెప్పే ధర రూ.4.2 లక్షలు. ఇంట్లో అందరూ కూర్చుని ‘ఇంతకు తగ్గేది లేదు’ అనుకునే గీత రూ.3.7 లక్షలు.

మరి పదేళ్లలో ఆ బండి మీద పెట్టిన ఏడు లక్షలు? అది లెక్కలోకి రాదు. చేదుగా ఉన్నా నిజం ఇదే. పెట్టిన ఖర్చులో బండి మీద ఇప్పటికీ కనిపించేదానికే కొనేవాడు డబ్బిస్తాడు. మిగతాది ఆ పదేళ్లూ ఆ కారులో తిరిగిన సంతోషానికి కట్టిన కిరాయి అనుకోవాలి. అమ్మేముందు లక్షన్నర పెట్టి రంగు వేయించడం కూడా ఎక్కువసార్లు కలిసిరాదు. కొత్త రంగు కింద ఏం దాచారోనని కొనేవాడికి అనుమానం వస్తుంది. బ్రేకులు పట్టేలా, లైట్లు వెలిగేలా, బండి స్టార్టయ్యేలా చేయిస్తే చాలు. కదిలే బండికీ కదలని బండికీ ఉన్న తేడా, ఆ చిన్న పనుల ఖర్చుకన్నా ఎక్కువే ఉంటుంది.

తువ్వాలు కింద బేరం

వెనకటికి పశువుల సంతల్లో బేరం నోటితో జరిగేది కాదు. తువ్వాలు కప్పి, దానికింద వేళ్లు పట్టుకుని అంకెలు చెప్పుకునేవారు. మూడో మనిషికి తెలిసేది కాదు. ఎద్దు పళ్లు చూసి వయసు, నడక చూసి సత్తువ అంచనా కట్టాకే చేయి తువ్వాలు కిందికి వెళ్లేది. ముందు చూపు, తర్వాత ధర... అదీ వరస.

కారు బేరంలోనూ ఆ వరస తప్పకూడదు. ఫోన్లో ‘లాస్టు ఎంతకిస్తరన్నా?’ అని అడిగేవాడికి ‘ముందు బండి చూడుండ్రి’ అని చెప్పాలి. వచ్చినప్పుడు లోపాల కాగితం తనంతట తానే చేతికివ్వాలి. ఇది అమాయకత్వం కాదు, బేరంలో అదే బలం. కొనేవాడు తుప్పు చూపించి యాభై వేలు తగ్గించమంటే, ‘అది తీసేసే ధర చెప్పిన’ అనొచ్చు. లోపం అతనే కనిపెడితే మాత్రం ఒకదానికి మూడు దాచారనుకుంటాడు. అప్పుడు ఏ అంకే నిలబడదు.

నెల రోజులు గడిచినా ఒక్కరూ చూడ్డానికి రాకపోతే ధర ఎక్కువైందని అర్థం. మొదటిరోజే నలుగురు అడ్వాన్సు పట్టుకుని వస్తే తక్కువ చెప్పామని అర్థం. చూసినవాళ్లంతా రూ.3.5 లక్షలకు అటూఇటూ అడుగుతుంటే, మార్కెట్ తన మాట చెప్పేసినట్టే. అప్పుడు ఇంట్లో గీసుకున్న గీతను మళ్లీ ఒకసారి చూసుకోవాలి. పెళ్లి ఖర్చు కోసమో, ఆసుపత్రి బిల్లు కోసమో తొందరగా అమ్మాల్సి వస్తే ధర కొంత వదులుకోక తప్పదు. కానీ ఎంత వదులుకుంటున్నారో తెలిసి వదులుకోవడం వేరు, తెలియక మోసపోవడం వేరు.

డబ్బు ముట్టాక కూడా...

బేరం తెగింది, తాళాలు ఇచ్చేశాం అని చేతులు దులుపుకుంటే కుదరదు. రికార్డుల్లో పేరు మారేదాకా యజమాని పాతవాడే. కారు అమ్మేసినా రిజిస్ట్రేషన్ మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు రికార్డుల్లో ఉన్న యజమానిదే బాధ్యతని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది. మూడు వేలు ఎక్కువిస్తానని చెప్పి ‘ట్రాన్స్‌ఫర్ నేను తర్వాత చేయించుకుంటా’ అనేవాడికన్నా, మూడు వేలు తగ్గించి అడిగి ముందే సంతకాలకు వచ్చేవాడే మేలు. ధర అంటే అంకె ఒక్కటే కాదు. ఆ తర్వాత వచ్చే నిద్ర కూడా!

కొత్త అపార్ట్‌మెంట్లు లేచేకొద్దీ ఈ ఊళ్లలో షెడ్లు తగ్గిపోతున్నాయి. సెల్లారులో ఒక్క కారుకే చోటు. పాత బండి ఎటో ఒకటు కదలాల్సిందే. తూకానికి పోతుందా, మరో చేతిలో పడి మళ్లీ రోడ్డెక్కుతుందా అన్నది చాలాసార్లు మొదట చెప్పిన ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉంటుంది. మరీ ఎక్కువ చెప్పిన బళ్లు షెడ్లలోనే మట్టైపోయాయి. న్యాయంగా చెప్పిన బండిని కొన్నవాడు, ఏ ఆదివారం పొద్దుననో రహదారి మీద హారన్ కొట్టుకుంటూ పోతూ కనిపిస్తాడు. నాన్న కారు ఇంకా తిరుగుతోందని ఇంట్లో అందరూ బయటికొచ్చి చూస్తారు.

అమ్మేముందు ఇవి చూసుకోండి

• ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో సరిపోయాయా? తేడా ఉంటే ముందు రవాణా శాఖ కార్యాలయంలో సరిచేయించాలి.

• పాత అప్పు తీరిపోయినా ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉండిపోయిందేమో చూడాలి. దాన్ని తీయించడానికి ఫారం 35 కావాలి.

• యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30. వేరే రాష్ట్రం వాళ్లు కొంటే నిరభ్యంతర పత్రం కోసం ఫారం 28.

• ఒకే లావాదేవీలో రూ.2 లక్షలు, అంతకుమించి నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం తప్పు. బ్యాంకు ద్వారానే తీసుకోవాలి.

• అడ్వాన్సుకు రసీదు ఇవ్వాలి. మిగతా డబ్బు ఏ తేదీలోగా ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏమిటన్నది అందులోనే రాయాలి.

• బండి ఇచ్చిన తేదీ, సమయం రాసి ఇద్దరూ సంతకం చేసిన కాగితం, కొన్నవారి గుర్తింపు కార్డు నకలు దగ్గర ఉంచుకోవాలి.